పిల్లిపెసర రూపవైవిధ్యం: కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో ఒక వర్గీకరణ పాఠం

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, మాగాణిలో పదును ఆరకముందే, నిలిచి ఉన్న పైరులో మినుము, పెసర, జనుము, పిల్లిపెసర విత్తనాలను వెదజల్లడం కృష్ణా డెల్టా రైతులకు తరతరాలుగా అలవాటైన పద్ధతి. వీటిలో మినుము గురించి అడిగితే వ్యవసాయ కళాశాల విద్యార్థి ఎవరైనా లాం నుండి వచ్చిన ఎల్.బి.జి. రకాలనూ, ఘంటసాల నుండి వచ్చిన జి.బి.జి. రకాన్నీ వరుసగా చెప్పగలడు. పిల్లిపెసర గురించి అడిగితే సమాధానం ‘పశుగ్రాసం, పచ్చిరొట్ట’ అన్న రెండు మాటలతో ముగుస్తుంది. రైతు కొనే విత్తనపు సంచిపై సాధారణంగా రకం పేరు ఉండదు. అక్కడ ఉన్నది వాడుక పేరు మాత్రమే. ఆ వాడుక పేరు క్రింద ఒకే జాతి ఉన్నదా, ఒకటికంటే ఎక్కువ ఉన్నాయా అన్న ప్రశ్న మన ప్రయోగ నివేదికలలో అరుదుగా కనిపిస్తుంది.

పిల్లిపెసర సాగు మొక్కా, అడవి మొక్కా అన్న ప్రశ్నకు రెండూ అనే చెప్పవలసి ఉంటుంది. దివిసీమలో ఇసుక దిబ్బల మీద, కాలువ గట్ల మీద, బాటల అంచున ఎవరూ విత్తకుండానే ప్రాకుతూ పెరిగేది అదే పేరుతో పిలువబడుతున్నది. గుడివాడ పరిసరాల నల్లరేగడి మాగాణిలో గేదెల మేత కొరకు విత్తేదీ అదే పేరుతో పిలువబడుతున్నది. కాయ ముదరగానే పగిలి గింజ రాలిపోవడం, విత్తనపు పొర గట్టిగా ఉండి మొలక ఆలస్యం కావడం, కాండం నేలబారుగా ప్రాకడం వంటి వన్య లక్షణాలను సాగులో ఉన్న మొక్క కూడా చాలావరకు వదులుకోలేదు. అందువలన ఒక వన్య జాతిలోని రూపవైవిధ్యాన్ని అధ్యయనం చేయడానికి డెల్టా విద్యార్థికి ఇంతకంటే చేరువలో ఉన్న మొక్క లేదు.

పేరు నడచిన దారి

తెలుగువారి మొక్కల పేర్లలో ‘పిల్లి’, ‘నక్క’, ‘కుక్క’, ‘అడవి’ అన్న ముందుమాటలకు ఒక క్రమం ఉన్నది. కుక్కతులసి, నక్కపీచు, పిల్లిపీచర వంటి పేర్లు అందుకు నిదర్శనం. మనిషి నమ్ముకున్న మొక్కను పోలి ఉండి, దానికంటే చిన్నదిగానో అక్కరకు తక్కువగానో కనిపించే దానికి జంతువు పేరు తగిలించడం మన వాడుక. పిల్లిపెసర అంటే పెసరను పోలినది, పెసర కానిది అని అర్థం. ప్రజాతి స్థాయిలో ఈ వర్గీకరణ చక్కగా సరిపోతుంది. జాతి స్థాయికి దిగితే సరిపోదు. ఏలనగా పెసరను పోలి పెసర కాని అడవి మొక్కలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. సంస్కృత వైద్య గ్రంథాలలోని ‘ముద్గపర్ణి’ అన్న పేరు కూడా పెసరాకు వంటి ఆకు గలది అనే చెబుతుంది.

శాస్త్రీయ నామం కూడా తిన్నగా నడవలేదు. లిన్నేయస్ 1767లో దీనిని డాలికోస్ ట్రైలోబేటస్ అన్నాడు. తరువాత ఇది ఫేసియోలస్ ప్రజాతిలో చేరి, ఫేసియోలస్ ట్రైలోబస్ అన్న పేరుతో దాదాపు రెండు శతాబ్దాలు మన వృక్షజాల గ్రంథాలలో నిలిచింది. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ కాలం నుండి ఆ పేరే ప్రచారంలో ఉన్నది. ఆసియా ఖండపు పెసర, మినుము వర్గమంతా విగ్నా ప్రజాతికి చెందినదని తేలిన పిమ్మట 1968లో వెర్డ్‌కోర్ట్ దీనిని విగ్నా ట్రైలోబేటాగా మార్చాడు. పాత నివేదికలు చదివే విద్యార్థి ఈ మూడు పేర్లనూ గుర్తుంచుకోవాలి. 1753లో లిన్నేయస్ పెట్టిన డాలికోస్ ట్రైలోబస్ అన్న పేరు మాత్రం పూర్తిగా వేరొక మొక్కది. ఒక్క అక్షరం తేడాతో ఉన్న ఆ రెండు పేర్లను కలిపివేసిన వ్రాతలు లేకపోలేదు.

ఈ మూడు పేర్లలోనూ మారకుండా నిలిచిన మాట ‘మూడు తమ్మెలు’ అన్నదే. అంటే ఆకు చీలికే ఈ జాతికి గుర్తుగా స్థిరపడిపోయింది. ఈ వ్యాసం వాదించదలచినది సరిగ్గా అక్కడే. పిల్లిపెసరకు పేరు తెచ్చిన లక్షణమే దాని వర్గీకరణలో అన్నింటికంటే తక్కువగా నమ్మదగినది.

పోలిక గల మూడు జాతులు

విగ్నా ట్రైలోబేటాతో తరచుగా పొరబడేవి ప్రధానంగా రెండు జాతులు. మొదటిది విగ్నా అకోనిటిఫోలియా. రాజస్థాన్ మెట్ట భూములలో మోఠ్ అన్న పేరుతో సాగయ్యే పప్పుధాన్యం ఇదే. దీని పత్రకాలు మరింత లోతుగా చీలి, తమ్మెలు సన్నగా పొడవుగా ఉంటాయి. డెల్టాలో దీనితో పేచీ తక్కువ. రెండవది విగ్నా స్టిపులేసియా. లామార్క్ 1786లో డాలికోస్ స్టిపులేసియస్‌గా వర్ణించిన ఈ జాతి తమిళనాడులో మిన్ని పయరు అన్న పేరుతో కొద్దిపాటి సాగులో ఉన్నది. హెర్బేరియం పత్రాలలోనూ, జన్యు నిధులలోనూ విగ్నా ట్రైలోబేటా అన్న చీటీతో చేరిన కొన్ని నమూనాలు పరిశీలనలో విగ్నా స్టిపులేసియాగా తేలాయి. ఈ పొరపాటుకు కారణం ఆకును చూసి పేరు పెట్టడమే. స్టిపులేసియా పత్రకం కూడా నిస్సారంగా మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది. చీలిక తక్కువగా ఉన్న ట్రైలోబేటా ఆకునూ, స్టిపులేసియా ఆకునూ కోసి బల్లపై ఉంచితే అనుభవజ్ఞులు కూడా తడబడతారు.

అదే మొక్కను ఆకు కోయకుండా, ఆకు పుట్టిన కణుపు దగ్గర చూస్తే తడబాటు ఉండదు. ఆసియా విగ్నాలన్నింటిలోనూ పత్రపుచ్ఛం డాలు మాదిరిగా తన మధ్యభాగంతో కాండానికి అంటుకొని ఉంటుంది. అంటుకున్న చోటుకు పైనా క్రిందా పొర సాగి ఉంటుంది. ట్రైలోబేటాలో ఈ పుచ్ఛం చిన్నది, అండాకారం. స్టిపులేసియాలో పెద్దది, వెడల్పైనది, చిన్న ఆకును తలపించేది. జాతి పేరే ఆ పుచ్ఛం వలన వచ్చింది. లామార్క్ కన్ను పడినది పత్రపుచ్ఛం మీద, లిన్నేయస్ కన్ను పడినది ఆకు మీద. మనము పేరు పెట్టేటప్పుడు లామార్క్ చూసిన చోటునే చూడవలసి ఉన్నది.

పువ్వును కూడా విస్మరించరాదు. మూడు జాతులలోనూ పువ్వులు పసుపు పచ్చనివి. ద్రోణిదళం లోనికి వంపు తిరిగి ఉంటుంది. ఎడమవైపు ద్రోణిదళంపై కొమ్ము వంటి చిన్న సంచి ఉంటుంది. ఇది ఆసియా విగ్నాల ఉపప్రజాతి గుర్తు. జాతిని విడదీయడానికి ఇది ఉపకరించదు. విడదీయడానికి పనికివచ్చేది పువ్వు అడుగున ఉండే లఘుపుచ్ఛం. అకోనిటిఫోలియాలో అది సన్నగా పొడవుగా, అంచున నూగుతో, రక్షకపత్రావళిని మించి కనిపిస్తుంది. ట్రైలోబేటాలో చిన్నది. పూలగుత్తిని మోసే కాడ ట్రైలోబేటాలో పొడవుగా ఆకులను దాటి పైకి వచ్చి, కొసన కొద్ది పూలను మాత్రమే మోస్తుంది. కోసి ఎండబెట్టిన నమూనాలో లఘుపుచ్ఛాలు రాలిపోతాయి. కనుక ఈ లక్షణాన్ని పొలంలోనే చూసి పుస్తకంలో వ్రాసుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇంతకంటే ముందే, మొలక దశలోనే, ఒక ఉపాయం ఉన్నది. పెసరలోనూ మినుములోనూ బీజదళాలు భూమి పైకి వస్తాయి. ఆపై వచ్చే మొదటి జంట సాధారణ పత్రాలకు కాడ ఉండదు, ఉన్నా లేనట్లే. అడ్జుకి వర్గంలో బీజదళాలు భూమిలోనే ఉండిపోతాయి, మొదటి ఆకులకు కాడ ఉంటుంది. పిల్లిపెసర చేరిన వర్గం ఈ రెండింటికీ మధ్యది. దీనిలో బీజదళాలు పైకి వస్తాయి, మొదటి ఆకులకు స్పష్టమైన కాడ ఉంటుంది. మినుము విత్తనోత్పత్తి క్షేత్రంలో కల్తీని ఏరవలసినవారు పూత వరకు ఆగనక్కరలేదు. మొలచిన వారం పది రోజులలో మోకాళ్ళపై కూర్చుని మొదటి జంట ఆకుల కాడ చూస్తే చాలు. నేను విద్యార్థులకు ఈ ఒక్క గుర్తు చూపడానికి ప్రతి సంవత్సరం ఒక ఉదయం కేటాయిస్తాను. ఆ పూట గడిచాక వారు విత్తనపు రంగు గురించి వాదించడం మానివేస్తారు.

ఒకే మొక్కపై అనేక ఆకులు

ఇక ఆకు చీలిక. స్నాతకోత్తర విద్యార్థిగా ఉన్నప్పుడు నేను పిల్లిపెసర నమూనాలు సేకరించి, తమ్మెల లోతును బట్టి మూడు ‘రూపాలు’గా విభజించి, ఒక చక్కని పట్టిక తయారు చేసుకున్నాను. గురువుగారు పట్టిక చూడలేదు. నన్ను గట్టు మీదకు తీసుకువెళ్ళి ఒకే తీగను మొదలు నుండి కొస వరకు చేతితో పట్టుకొని రమ్మన్నారు. నా మూడు రూపాలూ ఆ ఒక్క తీగ మీదే వరుసగా ఉన్నాయి. మొదట వచ్చిన ఆకులు చీలిక లేనివి. నడుమ కణుపులలో చీలిక క్రమంగా లోతైనది. నీడలో పడిన ప్రక్క కొమ్మలో మళ్ళీ వెడల్పైనది. పట్టిక చించివేశాను గాని ఆ పాఠం మిగిలింది.

అందుచేత ఆకు చీలికను కొలవదలచినవారు ముందుగా ఏ కణుపు ఆకును కొలుస్తున్నారో నిర్ణయించుకోవాలి. ప్రధాన కాండంపై అయిదవ కణుపు, మధ్య పత్రకం అని ఒక నియమం పెట్టుకొని, దానిని చివరి వరకు మార్చకుండా పాటించాలి. కొలత సులభమే. మధ్య తమ్మె కొస నుండి చీలిక అడుగు వరకు గల దూరాన్ని పత్రకపు మొత్తం పొడవుతో భాగించాలి. ఉదాహరణకు పత్రకం 40 మి.మీ. పొడవు ఉండి, చీలిక కొస నుండి 16 మి.మీ. లోనికి వస్తే నిష్పత్తి 0.4. సున్నకు దగ్గరైతే చీలిక నామమాత్రం. సంఖ్యగా మార్చడం వలన ఒక మేలు ఉన్నది. ‘లోతైన’, ‘నిస్సారమైన’ అన్న మాటలు చూసేవారిని బట్టి మారుతాయి, నిష్పత్తి మారదు. 1985లో అంతర్జాతీయ వృక్ష జన్యు వనరుల మండలి మినుము, పెసరల కొరకు సవరించి ప్రచురించిన లక్షణ సూచికను నమూనాగా తీసుకొని, దానికి ఈ నిష్పత్తినీ, పత్రపుచ్ఛం పొడవు వెడల్పులనూ చేర్చుకుంటే మన అవసరానికి సరిపోతుంది.

ఆకు చీలిక మీద అతిగా ఆధారపడకూడదని చెప్పడానికి మరొక కారణం వావిలోవ్ చూపినది. దగ్గరి బంధుత్వం గల జాతులలో ఒకే రకమైన వైవిధ్యం సమాంతరంగా పుడుతుందని ఆయన 1922లో ప్రచురించిన సిద్ధాంతం. పెసరకు పూర్వరూపమైన వన్య పెసరకు ‘సబ్‌లొబేటా’ అన్న పేరు రావడానికి దాని పత్రకాలలోని కొద్దిపాటి చీలికే కారణం. సాగు పెసరలో కూడా చీలిన ఆకుల రూపాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఒక లక్షణం ఇన్ని జాతులలో విడివిడిగా రాగలదంటే, దానిని జాతికి గుర్తుగా నిలపడంలో జాగ్రత్త అవసరం.

మూడు నేలలు, మూడు మొక్కలు

డెల్టా దిగువ భాగం పైకి సమతలంగా కనిపించినా నేల ఒకటి కాదు. గుడివాడ వైపు బరువైన నల్లరేగడి. కొల్లేరు పల్లపు ప్రాంతాన్ని ఆనుకొని ఉండడం వలన తేమ ఆలస్యంగా ఆరుతుంది. ఆరిన తరువాత నెర్రెలు విచ్చుతుంది. మచిలీపట్నం చుట్టుప్రక్కల కాలువ చివరి భూములలో చౌడు సమస్య. నీరు చాలని సంవత్సరాలలో ఉప్పు పైకి తేలుతుంది. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం చౌడును తట్టుకొనే ఎం.సి.ఎం. వరి రకాలపై పనిచేయడానికి కారణం ఈ నేలే. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై చుట్టిన దివిసీమలో లంకల ఒండ్రు నుండి నాగాయలంక, హంసలదీవి వైపు తీరపు ఇసుక వరకు అన్నీ ఉన్నాయి. ఇవిగాక, సముద్రం వెనుకకు జరుగుతూ వదిలిన పాత తీరరేఖల ఇసుక మేటలు డెల్టా లోపలి భాగంలో కూడా అక్కడక్కడ గీతలుగా మిగిలి ఉన్నాయి.

ఈ మూడు చోట్ల పిల్లిపెసరను చూసినవారికి మూడు వేర్వేరు మొక్కలు చూసినట్లు ఉంటుంది. గుడివాడ మాగాణిలో వరి మోళ్ళ మధ్య మొలచినది పొడవైన తీగలతో, వెడల్పైన మెత్తని పత్రకాలతో, మోళ్ళకు ఆనుకొని కొద్దిగా పైకి లేస్తుంది. చౌడు అంచున ఉన్నది కురచగా, చిన్నవై దళసరి అయిన ఆకులతో, త్వరగా పూతకు వస్తుంది. ఇసుక మీద ఉన్నది లోతైన వేరుతో, నేలకు అతుక్కొని చక్రంలా పరచుకొని, ఇరుకైన తమ్మెలతో కనిపిస్తుంది. ఈ వర్ణనలు మూడు రకాలకు నామకరణం చేయడానికి ఆహ్వానం పలుకుతాయి. ఆ ఆహ్వానాన్ని వెంటనే అంగీకరించరాదు.

స్వీడన్‌లో ట్యూరెస్సాన్ 1920ల ఆరంభంలో ఎదుర్కొన్నది ఇదే ప్రశ్న. హైరేసియం అంబెల్లేటం అన్న అడవి మొక్క అక్కడి ఇసుక దిబ్బల మీద ఒక రూపంలోనూ, తీరపు రాళ్ళ మీద మరొక రూపంలోనూ, అడవి అంచున ఇంకొక రూపంలోనూ పెరుగుతుండేది. ఆయన అన్నింటినీ తెచ్చి ఒకే తోటలో, ఒకే నేలలో పెంచాడు. కొన్ని భేదాలు మాయమైపోయాయి. అవి నేల పెట్టిన రూపాలు. కొన్ని భేదాలు నిలిచాయి. అవి మొక్క తనతో తెచ్చుకున్నవి. రెండవ తరగతి సమూహాలకు ఆయన పెట్టిన పేరు ‘ఎకోటైప్’. మనము ఆవరణరూపం అనవచ్చు. ఒక శతాబ్దం గడచినా ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం రాలేదు. జన్యు గుర్తులు బంధుత్వాన్ని చెబుతాయి గాని, ఇసుకలో కనిపించిన ఇరుకు ఆకు ఇసుక వలన వచ్చినదా, విత్తనం వలన వచ్చినదా అన్నది ఒకే మడిలో విత్తి చూస్తేనే తెలుస్తుంది.

పిల్లిపెసరతో ఈ పరీక్ష చేయడం కష్టం కాదు. ఒక్కొక్క చోట 30 మొక్కల నుండి విడివిడిగా కాయలు సేకరించాలి. ప్రాకే మొక్క కనుక ఒకే తీగ నుండి రెండుసార్లు కోయకుండా మొక్కకు మొక్కకు కొన్ని మీటర్ల ఎడం పాటించాలి. కాయలు పూర్తిగా నల్లబడేవరకు ఆగితే గింజ రాలిపోతుంది. రంగు తిరుగుతుండగానే ఉదయపు మంచులో కోసి కాగితపు సంచులలో ఆరబెట్టాలి. గట్టి విత్తనాలను గరుకు కాగితంతో కొద్దిగా రుద్దితేనే మొలక ఒకేసారి వస్తుంది. లేకపోతే ముందు మొలచినవి పెద్దవై, వెనుక మొలచినవి చిన్నవై, వయోభేదం కాస్తా రూపభేదంగా నమోదవుతుంది. మూడు చోట్ల విత్తనాన్ని మూడు నేలలలోనూ యాదృచ్ఛిక క్రమంలో విత్తితే, నేల ప్రభావాన్నీ విత్తన ప్రభావాన్నీ రెండింటి పరస్పర చర్యనూ వేరు చేయవచ్చు. మొదటి తరంలో తల్లి మొక్క పోషణ ప్రభావం గింజ బరువు ద్వారా మొలకలో కనిపిస్తుంది. కనుక కొలతలు రెండవ తరం నుండి తీసుకోవడం మేలు. స్నాతకోత్తర విద్యార్థి రెండు రబీ కాలాలలో ముగించగల పని ఇది. అయినా మనవారు దీనికంటే ఖరీదైన పనులను ఎంచుకుంటున్నారు.

అతిగా పేర్లు పెట్టడం

ఒకే మడిలో కూడా నిలిచిన భేదాలన్నింటికీ పేర్లు పెట్టవచ్చునా? ఇక్కడ రెండవ ప్రమాదం ఉన్నది. పిల్లిపెసర అధికంగా స్వపరాగసంపర్కం జరుపుకొనే మొక్క. స్వపరాగసంపర్కంలో ప్రతి వంశమూ తన చిన్న ప్రత్యేకతను తరతరాలుగా మార్చకుండా నిలుపుకుంటుంది. ఒక గట్టు మీది మొక్కలన్నింటికీ తమ్మె కొస గుండ్రంగా, ప్రక్క గట్టు మీది వాటికి మొనదేలి ఉండవచ్చు. విత్తి చూస్తే రెండూ తమ రూపాన్నే నిలుపుకుంటాయి. 19వ శతాబ్దంలో లియోన్ నగరపు వృక్షశాస్త్రవేత్త అలెక్సీ జోర్డాన్ ఇటువంటి స్వపరాగ మొక్క అయిన డ్రాబా వెర్నాను తన తోటలో ఏళ్ళ తరబడి పెంచి, ఆ ఒక్క జాతిని సుమారు 200 జాతులుగా చీల్చాడు. ఆయన పరిశీలనలో దోషం లేదు. ప్రతి రూపమూ నిజంగానే నిజరూపంలో పునరుత్పత్తి అయినది. దోషం నిర్వచనంలో ఉన్నది. నిలకడగా ఉండడం ఒక్కటే జాతి హోదాకు చాలదు.

నా అభిప్రాయంలో డెల్టా పిల్లిపెసరకు మూడు మెట్లు చాలు. పత్రపుచ్ఛం, లఘుపుచ్ఛం, మొలక, కాయ, గింజ లక్షణాలతో జాతిని నిర్ణయించడం మొదటి మెట్టు. ఒకే మడి పరీక్షలో నిలిచి, ఒక ఆవరణానికి ముడిపడి, ఒకటి కాక అనేక లక్షణాలలో కలసికట్టుగా కనిపించే భేదాన్ని ఆవరణరూపంగా గుర్తించడం రెండవది. మిగిలినవన్నీ వంశాలు. వాటికి లాటిన్ పేరు వద్దు, సేకరణ సంఖ్య చాలు. వంశానికి సంఖ్య ఇచ్చినంత మాత్రాన విలువ తగ్గదు. ప్రజనన శాస్త్రవేత్తకు కావలసినది తరచుగా ఆ సంఖ్యే.

పొరపాటు పేరు ఎక్కడ నష్టం చేస్తుంది

ఇది పేర్ల తగవు మాత్రమే అయితే వ్యవసాయ పత్రికలో ఇంత చోటు తీసుకునేవాడిని కాను. పెసర, మినుములలో పల్లాకు తెగులును తట్టుకొనే గుణం కొరకు వన్య విగ్నాల వైపు చూడడం చాలా కాలంగా ఉన్నది. ఏ జాతి ఏ జాతితో సంకరం అవుతుందన్న దానిని బట్టి హార్లన్, డివెట్ 1971లో జన్యు సముదాయాలను ప్రాథమిక, ద్వితీయ, తృతీయ శ్రేణులుగా విభజించారు. సంకర ప్రయత్నంలో వాడిన ‘ట్రైలోబేటా’ నిజానికి స్టిపులేసియా అయితే, ఆ విఫలమో సఫలమో తప్పు జాతి ఖాతాలో పడుతుంది. తరువాతివారు ఆ నివేదికను నమ్మి మరొక విత్తనంతో అదే పని చేసి, ఫలితం రాలేదని ఆశ్చర్యపోతారు. విగ్నా ప్రజాతి జాతులన్నింటిలో క్రోమోజోముల సంఖ్య సాధారణంగా 22. కాబట్టి క్రోమోజోములను లెక్కపెట్టినా ఈ పొరపాటు బయటపడదు.

పొలంలో నష్టం మరొక విధమైనది. రైతు పిల్లిపెసరను విత్తేది మేత కొరకు. ఒకసారి కోసినా మేపినా మళ్ళీ చిగిర్చి, ఆఖరున దున్నితే పచ్చిరొట్టగా నేలకు ఉపకరించడం ఈ మొక్క ప్రత్యేకత. జనుముకు ఈ పునరుజ్జీవన శక్తి లేదు. ఈ శక్తి అన్ని సమూహాలలో ఒకే తీరుగా ఉండాలని లేదు. నేలకు అతుక్కొని చక్రంలా పరచుకొనే ఇసుక రూపం మేపును తట్టుకోవచ్చు గాని కొడవలికి అందదు. పైకి లేచే మాగాణి రూపం కోతకు అనువు. విత్తనం ఎక్కడి నుండి వచ్చినదో తెలియకుండా ‘పిల్లిపెసర’ అన్న ఒక్క మాటతో అమ్మినప్పుడు, గుడివాడ రైతు ఇసుక దిబ్బ విత్తనాన్ని విత్తి, నేల మంచిది కాదని నిందించుకోవచ్చు. పైగా కోత యంత్రాలు వచ్చాక వరి నిలిచి ఉండగా వెదజల్లిన మొలకలు చక్రాల క్రింద నలిగిపోతున్నాయి. కోత తరువాత ఆరిన నేలలో విత్తవలసి వస్తున్నది. ఈ స్థితిలో త్వరగా మొలచి, త్వరగా వేరు దింపే సమూహం ఏది అన్నది రైతుకు నిజమైన ప్రశ్న. చౌడు అంచున త్వరగా పూసే మొక్కల తొందర వాటి స్వభావమా, ఉప్పు పెట్టిన ఒత్తిడా అన్నది తేలితే ఆ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

సేకరణకు వ్యవధి కూడా తరుగుతున్నది. గుడివాడ, బంటుమిల్లి, కైకలూరు వైపు మాగాణి చేపల చెరువులుగా మారిన చోట గట్టు మీద గడ్డి మందు చల్లడం ఆనవాయితీ అయినది. తీరపు ఇసుక మేటలు కొన్ని సరుగుడు తోటల క్రింద, కొన్ని ఇసుక తవ్వకాల క్రింద పోతున్నాయి. మాగాణి విత్తనం అంగట్లో మిగులుతుంది. దిబ్బ మీది వన్య సమూహానికి మరొక చోటు లేదు.

ఈ రబీలో పని మొదలుపెట్టదలచిన విద్యార్థులు, కృషి విజ్ఞాన కేంద్రాల సిబ్బంది ఒక చిన్న క్రమం పాటించగలరు. పూత సమయంలో ఒకసారి, కాయ రంగు తిరిగేటప్పుడు మరొకసారి అదే మొక్క దగ్గరకు వెళ్ళాలి. మొదటిసారి పత్రపుచ్ఛాన్ని కాండంతో సహా, లఘుపుచ్ఛం రాలని పూలగుత్తితో సహా ఒత్తి ఎండబెట్టాలి. అయిదవ కణుపు ఆకును విడిగా ఒత్తాలి. రెండవసారి కాయలు. చీటీపై ఊరు, గట్టా మాగాణా దిబ్బా అన్నది, నేల స్వభావం, విత్తినదా తానుగా మొలచినదా అన్న వివరం, స్థానికులు పిలిచే పేరు ఉన్నది ఉన్నట్లుగా వ్రాయాలి. జాతి పేరు గడిని పెన్సిల్‌తో నింపండి. ఒక జత హెర్బేరియం పత్రం కళాశాలలో ఉంచి, గింజలో ఒక భాగాన్ని హైదరాబాదులోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి పంపితే, పేరు తరువాత మారినా మొక్క పోదు.